రెండు ఎడమ చేతుల చొక్కా

కాలేయ మార్పిడి కోసం ఆర్నెల్లుగా వరుసలో ఉన్న దర్జీ ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నాడు. నర్సు ఇచ్చిన ప్రశ్నల కాగితం మీద అతని భార్య జవాబులు రాస్తోంది.

"నిద్ర ఎలా ఉంది?"

"పగలు బ్రహ్మాండం. రాత్రయితేనే దానికీ నాకూ పడదు."

"తికమక ఏమైనా ఉందా?"

"లేదని రాయి."

"మరి మాస్టారి చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టారేం?"

"కుట్టింది కుడి చేత్తోనే కదే!"

"నవ్వించకండి. విరేచనాలయ్యే ఆ తీపి మందు మానేశారు కదూ?"

"కొట్లో మరుగుదొడ్డి లేదు. రోజుకి నాలుగుసార్లు పక్క హోటలుకి పరిగెత్తలేక చస్తున్నాను."

"ఆ మందు తాగకపోతే మలినం తలకెక్కి తికమక పెడుతుందని డాక్టరు చెప్పలేదూ? ఇంట్లోనే కుట్టుకోమంటే వినరు."

"కొట్టు వదిలితే జబ్బుమనిషినని డప్పు కొట్టినట్టే. తికమక అని రాస్తే వరుసలోంచి తీసేస్తారేమోనే."

"అది డాక్టరుగారు చూసుకుంటారు. ముందు మీరు ఆ వరుస చివరిదాకా బతకాలిగా!"

అతను కాసేపు బొటనవేలి గోటితో బెంచీ అంచు గీకాడు.

"ఉందని రాయి. రేపు మిషను ఇంటికి తెచ్చేసుకుంటానని కూడా రాయి."

"అది వాళ్ళు అడగలేదండీ."

"నువ్వడిగావుగా."