బొప్పి కట్టిన టైరు

కంపెనీ బస్సుల షెడ్డులోకి, గాలి పోయిన ట్యూబులాంటి మొహంతో పెద్ద డ్రైవరు వచ్చి మెకానిక్ అమ్మాయి ముందు నిలబడ్డాడు.

"ఇంకా ఆరేళ్ల సర్వీసుండగా నాకు రిటైరేంటమ్మాయ్?"

"ఎవరన్నారు బాబాయ్?"

"నువ్వే! 'రేపు నీకు రిటైరు' అని పొద్దున ఫోన్లో అరిచావుగా!"

"అయ్యయ్యో! 'వేరే టైరు' అన్నాను బాబాయ్. ఇక్కడ గాలి కొట్టే మిషను మోత కదా, నీకు సగమే వినపడింది."

"వేరే టైరెందుకు? గీతలింకా లోతుగానే ఉన్నాయే!"

"లోపలి వైపు తడిమి చూడు. ఏ గుంతలో దింపావో ఏమో, బొప్పి కట్టింది."

"అమ్మో, ఇంత ఉబ్బిందా!"

"మనిషైతే పొగిడితే ఉబ్బుతాడు. టైరు ఉబ్బితే పగుల్తుంది."

"రేపు బస్సునిండా జనంతో కొండ దిగాలి తల్లీ! నువ్వు తడమకపోతే నాకు రిటైరు కాదు, ఏకంగా పైకే ట్రాన్స్‌ఫరు. నీ చెయ్యి చల్లగుండాలి!"

"సరేగానీ, బయట ఆ గోలేంటి?"

"మన డ్రైవర్లే. నన్ను తీసేస్తున్నారని బస్సులాపి కూర్చున్నారు."

"ముందెళ్లి చెప్పు బాబాయ్!"

పెద్ద డ్రైవరు గుమ్మంలో నిలబడి గొంతెత్తాడు.

"లేవండ్రా! అమ్మాయి 'వేరే టైరు' అంటే నేను 'రిటైరు' అని విన్నాను! రిటైరయ్యేది నేను కాదు, నా టైరు! వచ్చి ఈ తల్లికో దణ్ణం పెట్టి, మీ టైర్లు కూడా తడిమించుకోండి!"