తుమ్మే మేక ఎవరిది

బీదర్‌లో గంజ్ బజారు వెనక ఒక చిన్న ఇల్లు, 1966. సుందరాబాయి పొయ్యి ముందు జొన్నరొట్టెలు కొడుతోంది. హైదరాబాద్ నుంచి వచ్చిన తమ్ముడు సదాశివ్ కాగితాలు, పెన్ను ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"అది కాదక్కా, ముందుగాల ఖూనీ ఎవరు చేసిండో చెప్పు. రొట్టె తర్వాత తింట."

"సల్లారితె అట్టలెక్క అయితది. తిను."

"రెండు గంటల బస్సుకు పోవాలె. రేపు పొద్దుగాల ఈ కాగితాలు ప్రెస్సుల ఇయ్యకుంటె పత్రికల నా డిటెక్టివ్ సీరియల్ పేజీలు ఇంకొకనికి ఇస్తరంట. అయిదు నెలల సంది జనం ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నరు. సేటును సంపిందెవరు, సేటును సంపిందెవరు అని."

"ఎవరనుకుంటున్నరు?"

"సగం మంది డ్రైవర్ అంటరు. సగం మంది డాక్టర్ అంటరు. ఒకామె అయితె సేటే ఉరేసుకున్నడని పందెం కట్టిందంట."

"నువ్వేమనుకుంటున్నవ్?"

"నేనేమనుకుంట? నువ్వింక చెప్పలేదు గద."

"రాసేటోనివి నువ్వు. పేరు నీది. నీకే తెల్వదా?"

"అక్కా, వచ్చీ రాంగనే మొదలువెట్టకు."

"సరే, మొదలువెట్ట. ఉల్లికారం ఏస్కో."

"పోయిన నెల తలుపుకు లోపలి దిక్కు గడె పెట్టించినవ్. కిటికీకి ఇనుప సీకులు పెట్టించినవ్. లోపల సేటొక్కడే. మరి సంపినోడు బయటికెట్ల వచ్చిండు? నెలంత ఆలోచించిన. ఒక్క ముక్క తోయలే."

"తోస్తది. రొట్టె కొట్టుకుంట కూసుంటె అదే తోస్తది."

"నీకు తోస్తది. నాకు తోయది."

"మళ్ళొకసారి అను."

"ఏంది?"

"గదే, నీకు తోయదని. వినెతందుకు మంచిగున్నది."

"అక్కా!"

"ఊకె అన్న. తిను, తిను. పిల్లల సభల నీకు శాలువ కప్పిన్రంట గద?"

"ఎవరు చెప్పిన్రు?"

"పక్కింటి బాబురావు. హైదరాబాద్‌కు సరుకుకు పోయి విని వచ్చిండు."

"చిన్న సభ. అందుకే చెప్పలే."

"ఎంత చిన్నది?"

"రెండు వందల మంది పిల్లలుండొచ్చు."

"తుమ్మే మేక కత చెప్పినవా?"

"వాళ్ళు అదే అడిగిన్రు."

"తుమ్ము ఎట్ల తుమ్మినవ్? నీకు ఆ తుమ్ము రాదు గద."

"రాదు. నా పిల్లల కతల కితాబు చూసి చదివిన."

"చదివినవా! తుమ్ము లేకుంటె ఆ కతల ఏమున్నదిరా? ఎవరు అబద్ధమాడితె వాళ్ళ మొకం మీద తుమ్మాలె మేక. పటేలు మొకం మీద తుమ్మాలె, పూజారి మొకం మీద తుమ్మాలె. నీకు జ్వరమొచ్చి మందు మింగకుంటె, నిన్ను నవ్వించెతందుకు కట్టిన కత అది. నువ్వు నోరు తెరిచి నవ్వంగనే మందు పోసిన. యాది ఉన్నదా?"

"ఉన్నది. చేదు మందు. ఇప్పుడు సేటు సంగతి..."

"బాబురావు బిడ్డ కన్యక తెలుసు గద? దానికి ఆయన నీ కితాబు తెచ్చిచ్చిండు. రోజుకొకటి చదివి వినిపిస్తడు."

"మంచిదే గద."

"మంచిదే. మొన్న గల్లీ పిల్లలంత వచ్చి కత చెప్పుమన్నరు. మేక కతనే షురూ చేసిన. పిల్లలు పడి పడి నవ్వుతున్నరు. నడుమల కన్యక లేచి ఏమన్నదో ఎరికేనా? ‘పెద్దమ్మా, ఇది సదాశివ్ మామ కత. నువ్వు దొంగిలిచ్చి చెప్తున్నవ్’ అన్నది."

"చిన్నపిల్ల. దానికేం తెలుసు?"

"చిన్నపిల్లనే. మిగిలిన పిల్లలు నా దిక్కు ఎట్ల చూసిన్రో నువ్వు చూడలే. దొంగను చూసినట్టు చూసిన్రు. ముప్పై ఏండ్ల సంది చెప్తున్న కత, ఆ దినం నాకు చెప్పరాలే సదాశివ్. ఇంట్లకొచ్చి ఏడ్చిన."

"కన్యకకు నేను చెప్తలే."

"ఏమని చెప్తవ్?"

"ఏదో ఒకటి చెప్త. నువ్వు మాట తప్పిస్తున్నవ్ అక్కా. వాచ్‌మన్ ఉన్నడు గద, వాడేమన్న..."

"తప్పిస్తున్నది నువ్వు. కితాబు మీద నా పేరు ఎందుకు లేదు?"

"ఎన్నిసార్లు చెప్పాలె? వాళ్ళకు మన మాట నచ్చదు. బీదర్ తెలుగు అంటె సగం ఉర్దూ, సగం కన్నడం అని నవ్వుతరు. ఒక్కొక్క మాట ఏరి, మార్చి, మంచి తెలుగుల నేను రాసిన. అది తక్కువ పనా?"

"తక్కువని ఎవరన్నరు? నా మాట పనికిరాలే, నా మేక పనికొచ్చింది. గంతె."

"నీకు మేక ఒక్కటే కనవడ్తది. నేను ఎన్ని గుమ్మాలెక్కి దిగిన్నో కనవడదు."

"కనవడ్తది. ఆ కితాబు అచ్చేసిన ప్రెస్సాయన నన్ను చూస్తనన్నడంటివి. ఈ కతలు చెప్పినామెను బీదర్ కొచ్చి కలుస్తనన్నడంటివి. గోడలకు సున్నమేసిన. కొత్త చాప కొన్న. ఏమాయె?"

"ఆయనకు తీరలే."

"రెండేండ్ల సంది తీరలేదా?"

"పెద్దమనిషి. పనులుంటయ్."

"సరే, పోనీ. కితాబుల నా గురించి ఏదో రాసిన అంటివి గద?"

"రాసిన! మొదటి పేజీలనే రాసిన. అది ఇడిచిపెట్టి నన్ను దొంగను చేస్తున్నవ్."

"బాబురావును అడిగితె, ‘ఆ పేజీ ఎవరు చదువుతరక్కా, మేం కతలే చదువుతం’ అన్నడు. కితాబు అడిగి తెచ్చిన. అగో, ఆ గూట్ల ఉన్నది. నువ్వే చదువు."

"ఇప్పుడా?"

"నాలుగు లైన్లు. చదివినంక సేటు సంగతి మాట్లాడదం."

"సరే... ఆఁ. ‘ఈ కథలన్నీ మా అక్కయ్య సుందరాబాయి చెప్పినవి. ఆమె బీదరులో ఉంటుంది. ఆమె లేనిదే ఈ పుస్తకం లేదు.’ చాలా?"

"మంచిగున్నది. మళ్ళొకసారి చదువు."

"ఎందుకు?"

"నా పేరు అచ్చుల ఉంటె రెండుసార్లు వినొద్దా?"

"‘ఈ కథలన్నీ మా అక్కయ్య సుందరాబాయి చెప్పినవి. బీదరులో ఉన్న ఆమెకు నా నమస్కారాలు.’ అయిపోయింది. ఇగ చెప్పు."

"మొదటిసారి నమస్కారం లేకుండె."

"ఏంది?"

"‘ఆమె లేనిదే పుస్తకం లేదు’ అని ఉండె. అది పోయి నమస్కారం వచ్చింది. అచ్చేసిన అక్షరం గింతల్నే మారుతదారా?"

"జల్ది చదివితె జర అటిటు అయితది."

"నీ డిటెక్టివ్‌కు నేను నేర్పిందే ఇది. ఒక్కటే మాట రెండుసార్లు చెప్పించు, అబద్ధమైతె రెండు తీర్లుగ వస్తది. మూడో నెల కతల నువ్వే రాసుకున్నవ్."

"అక్కా... నీకు తెలుగు చదువరాదు గద."

"రాకుండె. మనం మైసూరు రాష్ట్రంల కలిసినంక మహిళా సమాజంల పంతులమ్మ మధ్యాహ్నం పూట ఆడోళ్ళకు కన్నడం చెప్తున్నది. ఎనిమిది నెలలు పోయిన."

"కన్నడమేనా? మరి ఇది తెలుగు."

"నేను గూడ గట్లనే అనుకున్న. తెరిచి చూస్తె అక్షరాలన్ని ఎరికున్న మొకాలే. తలకాయలే జర వేరే తీరు. వేలు పెట్టుకొని, కూడుకొని కూడుకొని చదివిన. ఒక్క పేజీకి మూడు దినాలు పట్టింది."

"మొత్తం చదివినవా?"

"మొదటి లైను నువ్వు నిజమే చదివినవ్. ఈ కతలు నేను చెప్పినయనే ఉన్నది. రెండో లైను ఎందుకు దాటినవ్?"

"అది... ఆ ప్రెస్సాయన ఊకె బీదర్ పోదం, బీదర్ పోదం అంటుండె. నువ్వు ఆయన ముందల నోరు తెరిస్తె నాకేం మిగుల్తదక్కా? నన్నెవరు చూస్తరు?"

"గంత భయమైందా?"

"అయింది. కథలు రాసే సదాశివ్ అంటె అక్కడ నలుగురు కుర్చీ ఇస్తరు. నాకున్నది గదొక్కటే."

"నాకు గదొక్కటి గూడ లేకపాయె."

"తప్పయింది. మళ్ళ అచ్చేసినప్పుడు ఆ లైను తీసేపిస్త, ఒట్టు. ఒంటిగంట దాటింది. ఈ ఒక్కసారి నా ఇజ్జత్ కాపాడు, కాళ్ళు మొక్కుత. సేటును ఎవరు సంపిన్రు?"

"నన్నెట్ల అడుగుతున్నవ్‌రా? ‘నా ఏడో ఏట మా అక్కయ్య కలరాతో కన్నుమూసింది’ అని నువ్వే అచ్చేపిచ్చినవ్ గద."