అడిగితే రకం చెప్పే మోడెం

మార్కాపురం కంభం రోడ్డులో ఒక కంప్యూటర్ రిపేరు దుకాణం. మధ్యాహ్నం దాటింది. పలకల ఫ్యాక్టరీలో పని చూసుకుని యశోద అప్పుడే వచ్చింది. ఆమె భర్త కోటి కౌంటరు వెనక కూర్చుని ఉన్నాడు.

"అది కాదు నేనడిగింది. కారులో దింపినారా, ఆటోలో వచ్చినావా?"

"ఆటోలోనే వచ్చినా బావా."

"మొన్న ఫ్యాక్టరీ సారు కారు పంపించినాడు గదా."

"మొన్న వాన పడతా ఉండె."

"వాన. మార్కాపురంలో వాన. నీకోసమే పడినట్టుండాది."

"కాసిని నీళ్ళు తాగనీ బావా."

"తాగు. ఎవరొద్దన్నారు? పెద్ద ఇంజనీరమ్మవు. మేమేదో మౌసులు తుడుచుకుని బతికేవాళ్ళం."

"మళ్ళా మొదలుపెట్టినావా?"

"ఉన్నమాటే గదా అన్నది. కంప్యూటర్ నుంచి ఫ్యాక్స్ పంపే ఆ మోడెం డబ్బా ముందర మూడు దినాలు కూర్చున్నా నేను. ఒక్క కాగితం పోలా. నువ్వు పోయి నల్ల తెర మీద ఒక ముక్క టైపు చేసి ఎంటర్ కొడితే పోయె. సారు ఊరంతా చెప్పుకుంటా ఉండాడు. నిన్న బట్టల దుకాణం కొండయ్య ఏమన్నాడో తెలుసా? ‘కోటీ, మా బిల్లింగ్ కంప్యూటర్‌కు కూడా మీ ఇంటామెనే పంపించు’ అన్నాడు. పది మందిలో అన్నాడు. నా మొహం యాడ పెట్టుకోవాల?"

"అందులో నా గొప్పేముండాది? మోడెంలలో రకాలుంటాయి. ‘నువ్వు ఏ రకం’ అని ఆ నల్ల తెర ప్రోగ్రాం అడుగుతాది, మోడెం చెప్తాది. అది చెప్పిన రకాన్ని ఫ్యాక్స్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టినా. అంతే. నీకూ చూపిస్తా రమ్మంటిని గదా."

"నాకు నువ్వు చూపించాల్నా? నీకు కీబోర్డు పట్టుకోవడం నేర్పించింది ఎవరు?"

"నువ్వే."

"ఆ. గుర్తుండాది గదా."

"గుర్తుండాది. సారుతో కూడా చెప్పినా, మా ఆయనే నేర్పించినాడని."

"ఏమన్నాడు?"

"నవ్వినాడు."

"నవ్వుతాడు. ఎందుకు నవ్వడు? సరే, ఈరోజు ఎందుకు పిలిచినట్టు? మళ్ళా ఏమన్నా చెడిందా?"

"ఏం చెడుతాది?"

"నాకేం తెలుసు? ఊరికే అడుగుతున్నా."

"నువ్వే చెప్పు బావా."

"నేను చెప్పేదేముంది? ఫ్యాక్స్ పోలేదా?"

"పోలా. సగం కాగితం పోయి ఆగిపోయింది. పలకలు కొనే ఆ జర్మనీ ముసలాయన, సారు సంతకం పెట్టిన కాగితం ఫ్యాక్స్‌లో వస్తే తప్ప సరుకు తీసుకోడు. లారీలకు పలకల పెట్టెలు ఎక్కించి పెట్టుకొని ఉండారు. డ్రైవర్లు ఒకటే గోల."

"చూసినావా? నేను ముందే అనుకున్నా. ఈ నల్ల తెర వైద్యాలు నాలుగు దినాలు కూడా నిలబడవని. సర్లే, దిగులు పడబాక. నేను పోయి చూస్తా. సారుతో నేను మాట్లాడతాలే."

"పోయి ఏం చూస్తావు?"

"ఏదో ఒకటి చూస్తా. నా పద్ధతి నాకుంటాది."

"తీసిన బోర్డు మళ్ళా లోపల పెడతావా?"

"ఏం బోర్డు?"

"మోడెం లోపలి బోర్డు. పైన డబ్బా అదే. దాని మీద సారు అంటించిన వినాయకుడు అట్లే ఉండాడు. వైరు కూడా అదే. లోపల బోర్డు ఒక్కటి వేరే."

"డబ్బా విప్పినావా నువ్వు?"

"విప్పే పనేముండాది? ప్రోగ్రాం కొట్టినా. పోయిన వారం ‘క్లాస్ టూ’ రకం అని చెప్పిన మోడెం ఈరోజు ‘క్లాస్ వన్’ అనింది. తయారుచేసిన కంపెనీ పేరు కూడా ఇంకోటి చెప్పింది. నేను పోయిన వారం చూసిన మోడెం కాదది."

"కాదు... అది కంప్యూటర్‌లో మనం రాసిపెట్టింది చదివి చెప్తాదేమో అనుకున్నా నేను."

"లేదు బావా. కొట్టిన ప్రతిసారీ మోడెంనే అడుగుతాది. చూపిస్తా అన్నప్పుడు వచ్చి చూసింటే నీకే తెలిసేది."

"ఊఁ."

"ఎందుకు చేసినావు?"

"యశోదా, నువ్వనుకునేటట్టు కాదు."

"ఎందుకు చేసినావు చెప్పు."

"కడుపు మండింది. చాలా? కడుపు మండి చేసినా. ఈ దుకాణం నాది, పైన రాసిన పేరు నాది. వచ్చినోడల్లా ‘అమ్మ లేదా’ అంటాడు. లేదంటే, మళ్ళా వస్తాలే అని పోతాడు. నేను కూర్చునే ఉంటా, నేను కనపడను. మా నాయన, నన్ను కన్న నాయన, గొర్రెల కాడ్నుంచి ఫోను చేసి ‘కోడలికియ్యి, నా ఫోనులో బొమ్మలు రావడం లేదు’ అంటాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నువ్వు ఓడిపోయి వచ్చి, ‘నా వల్ల కాలేదు బావా’ అని నాతో అంటే చాలనుకున్నా."

"దానికి సరుకు ఆపాల్నా?"

"మర్నాడే పోయి నేనే బాగు చేద్దామనుకున్నా. మంచి బోర్డు ఈ సొరుగులోనే భద్రంగా ఉండాది. ఇప్పుడే పోయి పెట్టేస్తా. ఫ్యాక్స్ పంపించే పూచీ నాది."

"ఫ్యాక్స్ పోయింది. నువ్వేమంటావో చూద్దామని ఇందాక చెప్పలా. క్లాస్ వన్ పెట్టి మళ్ళా పంపించినా. లారీలు కూడా కదిలినాయి."

"పోయిందా? ఇంకేముంది మరి? ఎందుకట్ల చూస్తావు?"

"ఫ్యాక్టరీకి సెలవని ఆదివారం పోయినావు గదా?"

"ఊఁ. వాచ్‌మన్ మోషే తాత చర్చి నుంచి వచ్చి తాళం తీసినాడు. నువ్వు స్క్రూడ్రైవర్ మర్చిపోయినావని చెప్పినా. పాపం, టీ కూడా తెప్పించినాడు. ఆయన చెప్పినాడా నీకు?"

"చెప్పలా. చెప్పి ఉంటే బాగుండు. నేను ప్రోగ్రాం కొట్టేటప్పుడు సారు నా పక్కనే ఉండాడు. ఆయనకు అది ఒక ముచ్చట గదా, తెర మీద తనే పైకి చదివినాడు. పోయిన వారం ఇట్ల రాలేదే అన్నాడు. నేను నోరు తెరిచేలోపలే ఎవరో బోర్డు మార్చినారని పట్టేసినాడు. తాళాలుండేది మోషే తాత దగ్గరే గదా. తాతను పిలిపించి, బోర్డు యాడ అమ్ముకున్నావని అందరి ముందర అడిగినాడు."

"అయ్యో. తాతేమన్నాడు? నా పేరు చెప్పినాడా?"

"నా వైపు చూసినాడు. చూసి తల దించుకున్నాడు. ఎన్నిసార్లు అడిగినా ఒక్క మాట అనలా. ఈ పిల్ల కాపురంలో మంట పెట్టడం ఎందుకనుకున్నాడేమో."

"పద. ఇప్పుడే పోదాం. తాతది తప్పు లేదని చెప్పి వద్దాం."

"తప్పు ఎవరిదని చెప్తావు?"

"ఏదో ఒకటి... పిడుగు పడి కాలిపోయింది, మార్చినామని..."

"కూర్చో బావా. తాత పని పోదు. నేనే మార్చినానని చెప్పినా."

"నువ్వా?"

"నేనే. మంచిది నేను తీసుకుని పాతది పెట్టినా అని చెప్పినా. ఆ వయసులో తాతకు ఇంకెవరు పనిస్తారు? నీ పేరు చెప్తే ఈ దుకాణం మూతపడతాది. నా పేరైతే దుకాణమన్నా మిగులుతాది. నీ మీద ప్రేమతో చెప్పినా అనుకోబాక. నీ మొహం చూస్తే నాకు ఒళ్ళు మండిపోతా ఉండాది."

"యశోదా... సారు నమ్మినాడా?"

"నమ్మినాడు. మళ్ళా ఫ్యాక్టరీలో కనబడొద్దన్నాడు."

"మరి... ఆ మోడెం, కంప్యూటర్లు ఎవరు చూస్తారంట?"

"రేపట్నుంచి నిన్ను రమ్మన్నాడు. మీ ఇంట్లో నమ్మదగిన మనిషి నీ మొగుడొక్కడే అన్నాడు."