దీదీ అన్న చితి

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్‌లో కొత్తకోడలు మంచమెక్కి వణుకుతోంది. అత్త చేతులు దులుపుకుంటూ పెరట్లోంచి వచ్చింది.

"పాముని కాలవలో పడేసినాను, దిగవే."

"చేత్తో పట్టినావేటి అత్తా? పక్కింటి దీదీ 'చితి, చితి' అని అరిసినాది. మనకి చితి పేర్చమంటాదేటని హడలిపోయినాను."

అత్తకు నవ్వాగలేదు. "ఓసి పిచ్చిదానా! బెంగాలీలో చితంటే పాము పేరే. అది ఘర్‌చితి. మెడకాడ్నించే తెల్లకట్లుంటాయి, విషముండదు."

"మెడకాడ కట్లేవీ లేవత్తా. తోకకే ఉన్నాయి. దీదీ ఘర్ అన్లేదు, కాల్‌చితి అంది."

అత్త నవ్వు ఆపేసింది.

"కాల్‌చితా? అది కట్లపామే తల్లీ!"

గబగబా కిటికీ దగ్గరికెళ్ళి చూపుడువేలు వెలుతురులో పెట్టి చూసుకుంది.

"ఇందాక చీమ కుట్టిందనుకున్నానే... ఆసుపత్రికెళ్ళాలి, ఆటో పిలవే!"