గీత బయటికొచ్చేసింది

హలో… ఆ, నేనే అక్కా, విట్సెని. షాపులోంచే… లేదులే, కాఫీ తాగేశాను. నీ సైకిల్ సంగతి చెబుదామని…

అవలేదు… అదే చెప్తున్నా. అవదు.

అవదంటే అవదనే. హ్యాండిల్ ఇంక పైకి రాదు…

ఒక్క వేలి మందం కాదు, అరవేలు కూడా రాదు. పొద్దున్నే స్టాండుకి ఎక్కించి చూశాను.

…విను. హ్యాండిల్ రాడ్డు మీద ఒక గీత ఉంటుందని చెప్పానా? అది ఎప్పుడూ గొట్టం లోపలే ఉండాలి. బయటికి కనపడిందంటే, లోపల పట్టుకోడానికి ఇనుము మిగల్లేదని అర్థం. ఏ గతుకులోనో పడ్డావనుకో, హ్యాండిల్ నీ చేతుల్లో ఉంటుంది, నువ్వు కాలువలో ఉంటావు…

నవ్వకు. నేను నవ్వట్లేదు.

…ఇప్పుడా? ఇప్పుడు బయటే ఉంది… ఆ. నేనే చేశాను. పోయిన వసంతంలో. నీకు చెప్పలేదు… ఎందుకంటే నువ్వు ఇక్కడే, ఈ బల్ల పక్కనే నించుని "ఒరే, ఈ ఒక్కసారికీ" అన్నావు. ముప్పయ్యెనిమిదేళ్లలో ఏ గిరాకీకీ చెయ్యని వెధవపని నీకు చేశాను. అప్పట్నించీ సముద్రం వైపు నుంచి గాలి లేస్తే చాలు, అక్క ఈపాటికి కట్ట మీద ఎక్కడుందో అని గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. చాలు, ఇంక నా వల్ల కాదు.

…ఇంకా పొడుగు రాడ్డా? ఇదే అన్నిటికంటే పొడుగుది. ఐదేళ్ల కింద నేనే వేశాను, మర్చిపోయావా? నీ వైపుకి వంగే హ్యాండిల్ కూడా వేశాను. అతుకు ముక్క పెట్టమంటావా, దాని మీద ఇంకోటి?… అది సైకిల్ అవదక్కా, నిచ్చెన అవుతుంది.

…కొత్తదా? కొత్త రకాలకి అసలు పైకి లాగటమే ఉండదు. గొట్టం కోసేసే పంపిస్తారు. మధ్యలో రెండు మూడు రింగులుంటాయి, అంతే, ఆ ఎత్తుకే అలవాటు పడాలి… మూడు చక్రాలదా…

అక్కా, ఒక మాట చెప్తాను, కోప్పడకు. మొన్న కట్ట మీద గొర్రెలకి అడ్డం పెట్టిన గేటుని ఎందుకు గుద్దావు?

…గేటు తప్పా? నలభయ్యేళ్లుగా అక్కడే ఉందది! నీకు కనపడలేదు. తల లేవలేదు, కనపడలేదు. నీకు కనపడుతోంది నీ ముందు చక్రం ఒక్కటే. అవునా, కాదా?

…అవును కదా.

డాక్టరు చెప్పింది నేను మళ్లీ చెప్పను. నీ నడుము ఏడాదికో వేలు కిందికి వంగుతోంది, నేను ఏడాదికో వేలు హ్యాండిల్ పైకి లాగుతున్నాను. ఈ పందెంలో నేను ఓడిపోయాను. మూడు చక్రాలు వేసినా, ఆరు వేసినా, మెడని పైకి లేపే బోల్టు నా దగ్గర లేదు.

…ఏడవకు.

సరే, ఏడవట్లేదు. జలుబు. సరే.

…నేను వ్యాన్‌లో వృద్ధుల హోమ్‌కి తీసుకెళ్తానన్నాను కదా. రోజూ పదకొండింటికి షాపు మూసేసి వస్తాను. డౌవె బావ దగ్గర కూర్చో, చక్కెర రొట్టె తినిపించు, పన్నెండున్నరకి…

ఏమిటీ?

…ఎప్పుడు? పోయిన గురువారమా? నేను దింపినప్పుడేనా?… నాకు చెప్పలేదేం?

…"ఎవరమ్మా నువ్వు" అన్నాడా.

…

…రొట్టె కూడా ముట్టుకోలేదా.

…అవునులే. ఆ హోమ్‌లో నర్సు నాతో ఓసారి అంది. పదకొండయ్యేసరికి కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుంటాడట. కట్ట మీద నీలం సైకిల్, ముందు తెల్ల పెట్టె కనపడిందంటే చెయ్యెత్తేస్తాడట, "మా ఆవిడొస్తోంది" అని అందర్నీ లేపుతాడట. నేనేదో మామూలు మాటే అనుకున్నాను… నీ మొహం కాదు, సైకిలే గుర్తన్నమాట. సైకిల్ దిగి లోపలికొస్తేనే నువ్వు హిస్కెవి. వ్యాన్ దిగితే ఎవరో ముసలామె.

…తప్పుగా అన్నాను. క్షమించు… నువ్వే అన్నావా ఆ మాట? ఎవరన్నా బాలేదు.

…లేదక్కా. వద్దు. ఆ చివరి ఒక్క మైలు కూడా తొక్కొద్దు. నిన్ను ఎక్కించి పంపి, ఇక్కడ సుత్తి పట్టుకుని కూర్చోలేను. ఊళ్లో ఇంకోడి దగ్గరికెళ్లినా, గీత చూస్తే వాడూ ముట్టుకోడు. ముట్టుకున్నాడంటే వాడికి పని తెలీదని… అవును, నాకు తెలిసే ముట్టుకున్నాను. ఎత్తిపొడు. నాకు రావాల్సిందే.

…

…ఏంటి? కిందికా?

నాలుగు వేళ్లు కిందికి?… ఎందుకు? కిందికి దించితే అసలు తొక్కలేవు…

…ఆ.

…ఆ, అర్థమైంది. పక్కన పట్టుకుని నడవటానికి.

నడవటానికైతే కిందే ఉండాలి, నిజమే. నువ్వు వంగినంత ఎత్తులో… బావుంటుంది. చేతికర్రలా ఆనుకోవచ్చు. ముందు పెట్టెలో రొట్టె ఉంటుంది. నడుము పడిపోయినామె నడుస్తోందని ఎవరూ అనుకోరు. గాలికి దిగి తోసుకుంటోందనుకుంటారు. నువ్వు అతి తెలివి దానివి, చిన్నప్పట్నించీ అంతే.

…హోమ్‌కి ఇవతల వంతెన దగ్గర దింపుతాను. సైకిల్ వెనక వేసుకొస్తా. అక్కణ్ణించి కిటికీ దాకా రెండొందల అడుగులు. గాలి లేని రోజు మాత్రమే… సరే, ఉన్న రోజూ.

…

…తోసుకుంటూ వస్తే గుర్తుపడతాడా అంటే… నాకేం తెలుసక్కా.

పడతాడని చెప్పమంటావా? గీత గురించి ఏడాది అబద్ధం చెప్పాను. మళ్లీ నా చేత చెప్పించకు.

…సరే. ఇప్పుడే దించేస్తాను. ఒక్క నిమిషం పని… వినాలా? వినడానికేముంది అందులో?… సరే, సరే. ఫోన్ బల్ల మీద పెడుతున్నాను, కట్ చెయ్యకు.

…బోల్టు వదులు చేస్తున్నా. రెండు… మూడు చుట్లు… ఆ. ఈ రాడ్డు మీద నా గీతలు కూడా ఉన్నాయి, తెలుసా? నీకు పైకి లాగినప్పుడల్లా మేకుతో ఒకటి గీశాను. ఐదున్నాయి… నీకు చూపిద్దామని కాదు. ఊరికే. చేతికి అలవాటు.

…ఇప్పుడు బోల్టు నెత్తిన సుత్తితో కొడతాను. విను.

…

విన్నావా?… అంతే. ఒక్క దెబ్బకి పట్టు వదిలేసింది. ఐదేళ్లు ఒక్కో వేలూ పైకి తెచ్చాను… ఇదిగో, అరచేత్తో నొక్కుతున్నా, దిగిపోతోంది. మొదటి గీత దగ్గర ఆపాను. చాలా?

…అక్కా?

…హిస్కె అక్కా, ఉన్నావా?

…సరే. జలుబే. తీరిగ్గా కానియ్. నేను ఫోన్ పెట్టెయ్యను, ఇక్కడే బల్ల మీద ఉంటుంది… నేను బోల్టు బిగించుకుంటా.