చరణంలో చిలక

తెర ఇంకా లేవలేదు. వేదిక వెనక గదిలో, పైట అంచుకు చిన్న మైకు తగిలించుకుని మనవరాలు తంబురా శ్రుతి చేస్తుంటే, అమ్మమ్మ కిసుక్కున నవ్వింది.

“ఎందుకు అమ్మమ్మా ఆ నవ్వు? తాతయ్య పాట తప్పు పాడతాననా?”

“తాతయ్య పాటట! చరణం చివర చిలక ఎందుకొస్తుందో చెప్పు చూద్దాం.”

“చిలకంటే జీవాత్మ అని పండితులు పుస్తకాలే రాశారుగా!”

“జీవాత్మా, నా మొహమా! కొత్త పెళ్లికూతురిగా ఉన్నప్పుడు మీ తాతయ్య నన్ను ‘చిలకా’ అని పిలిచేవారే. అది నా ముద్ర. పాటలో నా సంతకం!”

“అంటే, తాతయ్య పాటలు కట్టింది నువ్వా?”

“అన్నీ నేనే. ఆడది కట్టిందంటే సభల్లో పాడనివ్వరని ఆయన పేరు పెట్టేశాం. పాపం, ఆయన కూనిరాగం తీస్తే వీధిలో కుక్కలు మొరిగేవి!”

“ఇవాళ నీ పేరే చెబుతాను.”

“అమ్మో, నాకు సిగ్గే! ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి.”

“ఒట్టు. నేను చెప్పను.”

తెర అవతల నవ్వులు, చప్పట్లు హోరెత్తాయి.

“పాట మొదలుకాకుండానే చప్పట్లేంటే?”

“కట్టింది నువ్వా అని అడిగేముందే మైకు మీట నొక్కాను. పద చిలకా, నీకోసమే ఆ చప్పట్లు!”

అమ్మమ్మ ముఖం కందగడ్డయింది.

“ఓసి భడవా! అయితే కుక్కల సంగతి కూడా విన్నారా?”