గడప దాటిన భాష

అన్ని భాషలవాళ్లూ కలిసి బతికే దీవిలో, ఆస్టినాబాద్‌లో మామ్మ అరుగు మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. పక్కన కంప్యూటర్లు చదివొచ్చిన మనవడు వాటి పాత కత చెబుతున్నాడు. లోపల అతని బెంగాలీ భార్య పెట్టె సర్దుకుంటోంది.

“అంత తెలివైన మిషన్లకి ఒకదాని మాట ఇంకోదానికి తెలీదా? భలే!”

“ఏ నెట్‌వర్కు భాష దానిదే మామ్మా. చివరికి వాటిని నడిపేవాళ్లు, సొంత గడప దాటితే అన్నీ ఒకే పద్ధతిలో మాట్లాడాలన్నారు.”

“మన చేపల బజార్లో అన్ని భాషలోళ్లకీ హిందీలాగ! దీనికి అంత చదువు కావాలేటి?”

“గడువులోగా మారనోళ్ల లైను కట్ చేసేశారు.”

“మంచి పని! అంత మొండితనమేటిరా?”

“నువ్వూ బజార్లో హిందీ దంచేస్తావు. ఇంట్లో మాత్రం, తెలుగు నేర్చుకునేదాకా ఆ పిల్లతో మాట్లాడనన్నావు. అందుకే పుట్టింటికి పోతోంది.”

మామ్మ చేతిలో రొయ్య ఆగిపోయింది.

“ఓహో! ఇంతసేపూ చెప్పింది మిషన్ల కతా, నా కతా?”

లోపలున్న పిల్లని తన బజారు హిందీలోనే కేకేసింది.

“బహూ! పెట్టె ఛోడో, ఇధర్ ఆవో. హమ్ దోనో మిల్‌కే వీడి లైను కాట్ దేంగే!”